వారం రోజుల్లో గూడు ఖాళీ అయిపోయింది, మళ్లీ కోళ్లు తెచ్చుకోవాలా?

పెరటిపెట్ట
మాది పిఠాపురం దగ్గర పల్లెటూరు. ఇంటి వెనక కాస్త జాగా, రెండు కొబ్బరి చెట్లు, ఒక మునగ. నేను కాపురానికి వచ్చేసరికి మా అత్తయ్య దగ్గర రెండు పెట్టలుండేవి. వాటినుంచే మందని పెంచుకుంటూ వచ్చాను. ఈ ఉగాదికి పెద్దవీ చిన్నవీ కలిపి ముప్పై దాకా అయ్యాయి. ఇంట్లోకి గుడ్లు కొనే పనే లేదు, పైగా వీధిలో వాళ్లు అడిగి మరీ కొనుక్కెళ్లేవారు.

ఏప్రిల్ చివర్లో ఒక పెట్ట మూలకి చేరి రెక్కలు వేలాడేసి కూర్చుంది. మేత ముట్టలేదు. నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి తీసేది. రెట్ట పచ్చగా, నీళ్లలా. మర్నాటికి ఇంకో నాలుగు. రెండు పిల్లలకి మెడ మెలి తిరిగిపోయింది. నూక గింజ ఏరుకోబోతే ముక్కు పక్కన ఇంకెక్కడో నేలకి తగిలేది, మళ్లీ ప్రయత్నించేవి. చూడలేకపోయాను. వారం తిరిగేసరికి ఐదు మిగిలాయి. వీధిలో అందరివీ అంతే.

అత్తయ్య "ఇక చాలమ్మా, ఏటా ఎండాకాలం ఏడవడానికేనా" అంటున్నారు. పిల్లలేమో ఎప్పుడు తెస్తావని అడుగుతున్నారు. మళ్లీ ఎన్నాళ్లకి తేవచ్చు? నాటువే తేవాలా, వనరాజా లాంటి కొత్త రకాలా? ఇది రాకుండా మన చేతిలో ఉన్నదేంటి?

సీతువ_శీను
కొక్కెర తెగులే అక్కా. మెడ తిరగడం, పచ్చ రెట్ట అనగానే తెలిసిపోయింది. మా వైపు మామిడికాయల రోజుల్లో దిగుతుంది ఈ మాయదారి రోగం.

తవుడు_నూకలు
చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. మెడ తిరిగిన పిల్ల గింజ కోసం తడుముకోవడం నేనూ చూశాను.

పశువుల_డాక్టరు
మీరు చెప్పిన లక్షణాలన్నీ కొక్కెర తెగులువే. రాణీఖేత్ అనేది కూడా దీన్నే. వైరస్ జబ్బు కాబట్టి వచ్చాక మందు లేదు. యాంటీబయాటిక్ నీళ్లలో కలిపి పోస్తారు చాలామంది, దానివల్ల డబ్బు పోవడం తప్ప వైరస్‌కి ఏమీ కాదు. ముందే టీకా వేయడం ఒక్కటే దారి.

పెరటి కోళ్లకి నేను చెప్పే వరస ఇది. పిల్ల పుట్టిన 5 నుంచి 7 రోజుల్లో కొక్కెర టీకాల్లో ఎఫ్1 గానీ లసోటా గానీ కంట్లో ఒక్క చుక్క. రెండో వారంలో గంబోరో అనే ఇంకో వైరస్ జబ్బుకి టీకా చుక్క. నాలుగో వారంలో లసోటా మళ్లీ. 8 వారాలు నిండాక కొక్కెరకే ఆర్2బి టీకా, రెక్క దగ్గర చర్మం కిందికి సూదితో అర మిల్లీలీటరు. ఆర్2బి ఘాటైన టీకా, చిన్న పిల్లలకి వేయకూడదు. దానికి వారం ముందు ఏలికపాముల మందు పట్టిస్తే టీకా బాగా పడుతుంది. మశూచి టీకా కూడా ఆ వయసులోనే. పెద్ద కోళ్లకి ఎండలు ముదరకముందే, అంటే జనవరి ఫిబ్రవరిల్లో ఒకసారి వేయించుకుంటే ఏప్రిల్‌లో టెన్షన్ ఉండదు.

గూటి సంగతి. పాత ఊక మొత్తం ఎత్తి కాల్చేయండి. గోడలకీ నేలకీ సున్నం కొట్టండి. మేత గిన్నెలు కడిగి ఎండలో పెట్టండి. ఆ తర్వాత కనీసం నెల నెలన్నర గూడు ఖాళీగా ఉంచి కొత్తవి తెండి. చచ్చినవాటిని కాలవలో పారేయడం, కుక్కలకి వదిలేయడం వల్లే పక్క ఊరికి పాకుతుంది. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి.

పాలమూరు_పద్మ
డాక్టర్ గారు, అంతా బాగుంది గానీ మాలాంటివాళ్లకి ఇది ఎక్కడ తెగుతుందంటే, టీకా సీసాలో వంద కోళ్లకి సరిపడా మందు ఉంటుంది. నా దగ్గర ఉన్నవి పన్నెండు. ఒకసారి కలిపాక రెండు గంటల్లో వాడేయాలంటారు. మిగతా మందు మట్టిపాలు. దవాఖానకి పోతే ఒకసారి ఉందంటరు, ఒకసారి రాలేదంటరు. బస్సు చార్జీలే కోడి ధరంత అవుతాయి.

పశువుల_డాక్టరు
పద్మ గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఒంటరిగా చేసే పని కాదిది. ఒక వాడ మొత్తం కలిస్తేనే సీసాకి న్యాయం జరుగుతుంది, జబ్బూ ఆగుతుంది. మీ పన్నెండింటికీ వేసి, పక్కింటి ఇరవైకి వేయకపోతే వైరస్ అక్కడే తిష్ట వేసుకుని ఉంటుంది.

గోదారిగట్టు
మా వాడలో ఇదే చేస్తున్నాం, ఎలాగో వివరంగా రాస్తాను.

మా ఊళ్లో ఇంటింటికీ ఐదో పదో కోళ్లుంటాయి. డ్వాక్రా సంఘం మీటింగులో మా వదిన ఈ మాట ఎత్తింది. ఎవరి దగ్గర ఎన్ని కోళ్లున్నాయో ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాం. కోడికి రెండు రూపాయలు వసూలు. రెండంటే ఎవరూ కాదనరు. ఒకళ్లు మండలం వెళ్లి సీసాలు తెస్తారు. టీ పోసుకునే ఫ్లాస్కులో సగం ఐస్ ముక్కలు, మధ్యలో పాలిథిన్ కవర్లో చుట్టిన సీసా. ఈ చల్లదనం దారిలో పోయిందా, వేసేది ఉత్త నీళ్లే.

వేసేది పొద్దుగూకాక. పగలు కోడిని పట్టుకోవాలంటే వీధంతా పరుగులు. చీకటి పడ్డాక గూట్లో సర్దుకున్నాక ఒక్కోదాన్నీ తీసి ఇవ్వడానికి ఒకరు, బ్యాటరీ లైటు పట్టుకోవడానికి ఒకరు, చుక్క వేయడానికి ఒకరు. తలని పక్కకి వంచి, బొటనవేలితో కింద రెప్ప కొంచెం లాగి, ఒక్క చుక్క. వెంటనే వదిలేయకూడదు. కోడి కన్ను ఆర్పి ఆ చుక్క లోపలికి ఇంకేదాకా పట్టుకుని ఉండాలి. చాలామంది చుక్క పడగానే వదిలేస్తారు, అది తల విదిలిస్తే మందు మన చొక్కా మీదే. గంటన్నరలో వాడ అయిపోతుంది.

ఇలా మొదలెట్టాక కొక్కెర మా ఊరి పొలిమేర దాకా వచ్చింది గానీ మా వాడలో మందలు నిలబడ్డాయి. ఒకటీ అరా పోతాయి, గూడు మాత్రం ఖాళీ కాలేదు.

పాలమూరు_పద్మ
గోదారిగట్టు అన్నా, ఈ ఫ్లాస్కు ఉపాయం బాగుంది. మా సంఘంల కూడా అడుగుత.

అమ్మమ్మ_వంటిల్లు
అందరూ టీకా టీకా అంటున్నారు. మా అమ్మమ్మ ఉల్లిపాయ, వెల్లుల్లి, పసుపు, మిరియాలు నూరి ఉండలు చేసి మింగించేది. ఆవిడ హయాంలో యాభై కోళ్లుండేవి, ఏ సూదీ లేదు.

సీతువ_శీను
అమ్మమ్మ గారి కాలంలోనూ ఊళ్లకి ఊళ్లు పోయేవండీ. మా తాతయ్య "కోళ్లకి గాలి సోకింది" అనేవాడు. పేరు తెలియదంతే, రోగం అప్పుడూ ఉంది.

పశువుల_డాక్టరు
ఉల్లి, పసుపు పెట్టడం వల్ల నష్టం లేదు, కాస్త జలుబుకీ అరుగుదలకీ పనికొస్తాయేమో. కొక్కెరని మాత్రం ఆపలేవు. అమ్మమ్మ గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, దయచేసి టీకా మానకండి.

అమ్మమ్మ_వంటిల్లు
సరే డాక్టర్ గారు. రెండూ చేస్తాను. ఉండలు మాత్రం మానను, అవి మింగి కోడి నన్ను చూసే చూపు చూడాలి మీరు 😄

కొత్తగూడెం_కుర్రాడు
పెరటిపెట్ట అక్క రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. నేనైతే గ్రామప్రియ వైపు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ ఉంది కదా, వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అన్నీ వాళ్లు తయారుచేసినవే. నాటు పెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడుతుంది. వనరాజా వంద దాటుతుంది. గ్రామప్రియ ఇంకా ఎక్కువ. లెక్క కళ్లముందుంది కదా.

లక్ష్మి_తోట
లెక్కలో ఒకటి వదిలేశావు తమ్ముడూ. వనరాజా పొదగదు, గ్రామప్రియా పొదగదు. ఆ గుణమే తీసేశారు, అందుకే అన్ని గుడ్లు. ప్రతి ఏడూ పిల్లలు కొనుక్కోవాల్సిందే. పైగా వనరాజా గుడ్లు నాటు పెట్ట కింద పెట్టి పిల్లలు చేయించినా అవి తల్లిలా రావు, రెండు రకాలు కలిపి చేసినది కాబట్టి రెండో తరంలో దేనికది వేరుగా వస్తుంది. వనరాజా బరువు ఎక్కువ, కుక్క తరిమితే నాటు కోడి గోడెక్కి కూర్చుంటుంది, ఇది దొరికిపోతుంది.

మా ఇంట్లో నాటుదే రాజ్యం. ఒక పెట్ట పన్నెండు గుడ్లు పెట్టి, ఇరవై ఒక్క రోజులు కూర్చుని, తొమ్మిదో పదో పిల్లల్ని లేపి, రెండు నెలలు రెక్కల కింద దాచి పెంచుతుంది. బల్బు ఖర్చు లేదు, కరెంటు పోతుందన్న బెంగ లేదు. ఆ పనికి జీతం కడితే ఎంతవుతుంది?

కొత్తగూడెం_కుర్రాడు
ఒప్పుకుంటాను అక్కా. కానీ నాటు పెట్ట పిల్లల కోడిగా తిరిగే ఆ రెండు నెలలూ గుడ్డు లేదు కదా. గుడ్ల కోసమే పెంచేవాళ్లకి గ్రామప్రియ మేలు.

గోదారిగట్టు
రెండూ ఉంచుకోండి. మా ఇంట్లో గుడ్లకి నాలుగు గ్రామప్రియలు, పొదగడానికి మూడు నాటు పెట్టలు, ఒక పుంజు.

పెరటిపెట్ట
మిగిలిన ఐదింట్లో మూడు పెట్టలే, వాటిలో ఒకటి మంచి తల్లి. ఇది విన్నాక దాన్ని నమ్ముకోవచ్చనిపిస్తోంది. పిల్లల్ని కొనాలంటే ఎక్కడ? మా ఊళ్లోకి మోపెడ్ మీద బుట్టల్లో తెచ్చి అమ్ముతారు, వనరాజా అని.

పశువుల_డాక్టరు
మోపెడ్ బుట్టలో కొనొద్దు. అవి ఎక్కువగా లేయర్ హేచరీల్లో, అంటే గుడ్ల కోళ్ల పిల్లల్ని లేపే చోట, అక్కర్లేదని తీసేసిన మగ పిల్లలు. రంగు పూసి కూడా అమ్ముతారు. టీకా వేసి ఉండదు, గుడ్డు ఎలాగూ పెట్టవు. దగ్గర్లో కృషి విజ్ఞాన కేంద్రం ఉంటే అక్కడ అడగండి. మారెక్స్ అనే ఇంకో వైరస్ జబ్బుకి మొదటి రోజు వేయాల్సిన టీకా హేచరీలోనే వేస్తారు, వేశారో లేదో అడిగి తీసుకోండి.

వరంగల్_వాసు
కడక్‌నాథ్ ఎవరైనా పెంచుతున్నారా? కిలో వెయ్యి అని విన్నాను.

సీతువ_శీను
మధ్యప్రదేశ్ ఝాబువా వైపు కోడి అన్నా అది. 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కోడి మంచిదే, ఒళ్లంతా నలుపే. కానీ కొనేటప్పుడు వెయ్యి చెబుతారు, మనం అమ్మబోతే ఊళ్లో "ఈ నల్లదెందుకండీ" అని మామూలు నాటు కోడి రేటే ఇస్తారు. పొదిగే గుణమూ తక్కువే. ముందు కొనేవాళ్లని చూసుకుని అప్పుడు పెంచు.

లక్ష్మి_తోట
పొదిగే మాట వచ్చింది కాబట్టి ఎండాకాలం సంగతి చెబుతాను. మే నెలలో పెట్టిన గుడ్లలో సగానికి సగం మురిగిపోతాయి. గుడ్డు పెట్టిన రోజునుంచే తీసి చల్లని చోట దాచాలి. మాకు కుండ అడుగున తడి ఇసుక, దానిమీద గోనె ముక్క, ఆ పైన గుడ్లు. ఎండాకాలం ఐదారు రోజులకి మించి దాచినవి పొదిగేయను. ఏడో రోజు రాత్రి చీకట్లో గుడ్డు వెనక టార్చి పెట్టి చూస్తే, బతికినదైతే సాలెగూడులా ఎర్ర నరాలు కనిపిస్తాయి. తెల్లగా కనిపించినవి తీసేస్తాను, మిగతావాటికి వెచ్చదనం బాగా అందుతుంది.

తవుడు_నూకలు
గంపలో ఇనుప ముక్క, బొగ్గు వేస్తారా మీరు? మా అమ్మ ఉరుములకి గుడ్లు చెడిపోతాయని రెండూ వేస్తుంది.

లక్ష్మి_తోట
వేస్తాను. మా అమ్మ వేసేది, నేనూ వేస్తాను.

కొత్తగూడెం_కుర్రాడు
ఉరుముకీ గుడ్డుకీ సంబంధం లేదండీ. వానాకాలం గాలిలో తేమ పెరుగుతుంది, ఉరుముకి బెదిరి కోడి గంప దిగి గుడ్లు చల్లారతాయి. ఇనుము ఏం చేస్తుంది?

గోదారిగట్టు
బెదిరి దిగుతుందన్నది నిజం. గంపని ఇంట్లో చీకటి మూలకి మారిస్తే ఉరుములకి అంత బెదరదు. ఇనుప ముక్క ఉంటే ఉండనీ తమ్ముడూ, మేత తినదు కదా.

పాలమూరు_పద్మ
రోగం సంగతి సరే, నాకు ముంగిసతో చావొచ్చింది. ఒక్క రాత్రి ఆరు పిల్లలు. తినదు కూడా, మెడ కొరికి వదిలేసి పోతది. జాలీ కట్టిన గూడే.

గోదారిగట్టు
ఏ జాలీ? ఆరు మూలల కన్నాలుండే పల్చటి కోళ్ల జాలీ అయితే అది కోడి బయటికి పోకుండా ఆపుతుంది గానీ ముంగిస లోపలికి రాకుండా ఆపదు. అర అంగుళం చదరాల వెల్డ్‌మెష్ వేయించండి. దాన్ని నేలలోకి జానెడు లోతు దించండి, లేకపోతే తవ్వుకుని వస్తుంది. తలుపు కింద సందు చూసుకోండి, మీ పిడికిలి దూరే సందైతే ముంగిసా దూరుతుంది. పాములకీ అదే మందు. మా ఊళ్లో జెర్రిపోతు గుడ్లకి వస్తుంది.

తవుడు_నూకలు
గద్దకి ఏం చేస్తారు?

లక్ష్మి_తోట
పిల్లలు చిన్నవిగా ఉన్నంతకాలం పగలు గంప కింద మూసి, తల్లితో కలిపి సాయంత్రం వదులుతాను. పందిరి మీద చిక్కుడు, సొర పాకిస్తే గద్దకి దిగే దారి ఉండదు. తల్లి కోడి "క్ర్ర్ర్" అని ఒక అరుపు అరుస్తుంది చూడండి, ఆ ఒక్క అరుపుకే పిల్లలన్నీ ఎక్కడివక్కడ ఆకుల కింద మాయమైపోతాయి. ఆ అరుపు ఎవరు నేర్పారో వాటికి!

వరంగల్_వాసు
మేత ఖర్చు ఎలా? నూకలు కూడా ధర పెరిగాయి.

గోదారిగట్టు
చెదలు పెట్టు. పాత కుండలో ఎండుగడ్డి, పేడ, గోనె ముక్క కుక్కి కాస్త తడిపి, చెదలున్న చోట సాయంత్రం బోర్లిస్తే తెల్లారేసరికి కుండ నిండా చెదలే. పిల్లలకి అంతకంటే బలం లేదు. ఇంకా నీళ్లమీద పెరిగే అజొల్లా, మునగాకు, వంటింటి కూరల చెత్త. గుడ్డు పెంకు పల్చబడితే నత్తగుల్లలు దంచి ఒక చిప్పలో పెట్టు, కావలసినంత అవే తింటాయి. పచ్చళ్ల ఊట, ఉప్పు చేపల తుక్కు మాత్రం వేయకు, ఉప్పు ఎక్కువైతే కోళ్లు చచ్చిపోతాయి.

భీమవరం_బుజ్జి
పెరటిపెట్ట గారూ, మీ మిగిలినవాటిలో పుంజు ఏ రంగు? డేగా, కాకి అయితే చెప్పండి, సంక్రాంతికి మంచి ధర ఇప్పిస్తా.

పెరటిపెట్ట
మా పుంజు పందానికి ఇవ్వనండి. పిల్లలు దాన్ని చేత్తో మేపుతారు.

భీమవరం_బుజ్జి
పందెం మన సంప్రదాయమే కదండీ. అసీలు జాతి ఈ రోజుకీ నిలబడిందంటే పందెం రాయుళ్ల పోషణ వల్లే. బాదం, ఖీమా పెట్టి సొంత పిల్లల్లా పెంచుతారు.

లక్ష్మి_తోట
సొంత పిల్లల కాలికి కత్తి కడతారా బుజ్జిగారూ? జాతిని పోషించండి, దండం పెడతాను. కత్తి కట్టడం చట్టమూ ఒప్పుకోదు, నా మనసూ ఒప్పుకోదు.

సీతువ_శీను
నా పేరు చూసి నన్నూ ఆ లెక్కలో వేసుకోకండి. సీతువ అంటే పుంజుల్లో ఒక రంగు, ఆ రంగంటే ఇష్టం, అంతే. మన చర్చ కోళ్లని బతికించుకోవడం గురించి, అటే పోదాం.

టెక్సాస్_తెలుగు
మేం ఇక్కడ పెరట్లో నాలుగు పెట్టలు పెంచుతున్నాం. మా కాలనీలో పెట్టలకి అనుమతుంది, పుంజుకి లేదు, కూస్తుందని. మీకు ముంగిస అయితే మాకు రకూన్. గొళ్లెం కూడా తీసేస్తుంది, చేతులు మనిషి చేతుల్లా ఉంటాయి. ఇక్కడ భయమంతా బర్డ్ ఫ్లూ. అడవి బాతులు వాలే నీళ్ల దగ్గరికి కోళ్లని పోనివ్వం. అక్కడ ఎలా ఉంది?

తవుడు_నూకలు
2025 ఫిబ్రవరిలో మా గోదావరి జిల్లాల్లోనే వచ్చింది. తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం. ఫారాల్లో వేలకొద్దీ పోయాయి. ఆ రోజుల్లో చికెన్ కొట్ల ముందు ఈగ లేదు.

పశువుల_డాక్టరు
ఇది ముఖ్యమైన సంగతి. బర్డ్ ఫ్లూకీ కొక్కెరకీ తేడా కంటితో చెప్పడం కష్టం. రెండింట్లోనూ కోళ్లు ఉన్నట్టుండి గుంపుగా పోతాయి. అందుకే ఒక్కసారిగా చావులు మొదలైతే "కొక్కెరేలే" అని ఇంట్లోనే తేల్చుకోకుండా పశువైద్యశాలకి చెప్పాలి. వాళ్లు నమూనాలు పంపిస్తారు, భోపాల్‌లోని జాతీయ ల్యాబ్‌లో తేలుతుంది. చచ్చినవాటిని ఒట్టి చేతుల్తో పట్టుకోవద్దు, ముక్కుకి గుడ్డ కట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. జబ్బు చేసిన కోడిని "పోయేలోపు కోసుకుందాం" అనడం మన ఊళ్లలో ఉంది, అది మానాలి. ఆరోగ్యంగా ఉన్న కోడి మాంసం, గుడ్డు బాగా ఉడికించి తింటే భయం లేదు.

పాలమూరు_పద్మ
జబ్బు కోడిని కోయడం మా దిక్కు కూడా ఉంది. ఈ ముక్క మా ఆయనకి చదివి వినిపించిన.

తవుడు_నూకలు
కోళ్లకి పేర్లు పెట్టినవాళ్లు ఎలా కోస్తారు? మా అబ్బాయి "జానకి"ని కోస్తే అన్నం తిననని కూర్చున్నాడు. జానకి ముసలిదై గుడ్లు మానేసి చాలా కాలమైంది, ఇప్పటికీ తవుడు తింటూ వీధంతా తిరుగుతోంది.

లక్ష్మి_తోట
పేరు పెట్టినదాన్ని మా ఇంట్లో కోయం. పుంజులకి పేర్లు పెట్టనివ్వం, అదీ ఒప్పందం 😊

పెరటిపెట్ట
అందరికీ చాలా థాంక్స్. అత్తయ్యకి అన్నీ చదివి వినిపించాను. గోదారిగట్టు గారు రాసింది వినగానే "అలా అందరం కలిసి వేసుకుంటే సరే" అన్నారు. గూటికి నిన్న సున్నం కొట్టాం. వీధిలో ఏడిళ్ల వాళ్లు పేర్లిచ్చారు. ఆర్నెల్లు నాటువే ఉంచి, మంద కుదురుకున్నాక నాలుగు గ్రామప్రియలు తెస్తాను. ఒక్క సందేహం. మిగిలిన ఐదింటికీ ఇప్పుడు టీకా వేయాలా? ఒకదానికి మెడ ఇంకా కొంచెం వంకరగానే ఉంది.

పశువుల_డాక్టరు
మెడ వంకరున్నదానికి ఇప్పుడే వద్దు. దాన్ని వేరే గంప కింద విడిగా ఉంచి, మేత గిన్నె ముక్కుకి అందేలా ఎత్తులో పెట్టండి. మిగతా నాలుగూ చురుగ్గా తింటూ ఉంటే వీధి కోళ్లతో పాటు ఆర్2బి వేయించండి, దానికి వారం ముందు ఏలికపాముల మందు. కోలుకున్న కోళ్లు కూడా కొన్నాళ్లు రెట్టలో వైరస్ విడుస్తాయి, కొత్త పిల్లలు వచ్చేదాకా గూటి ఊక రెండు మూడుసార్లు మార్చండి.

గోదారిగట్టు
పిఠాపురంలో ఐస్ ఎక్కడ దొరుకుతుందని వెతుక్కోకండి, చేపల మార్కెట్లో అడిగితే కవరు నిండా ఇస్తారు. సీసా పైన కవరు రెండు వరసలు కట్టండి, ఐస్ కరిగిన నీళ్లు లేబుల్‌కి తగిలితే బ్యాచ్ తేదీ చెరిగిపోతుంది.